ప్రవాసుల ఆరోగ్య బీమా: షరీఅత్ దృష్టి, ఆచరణ

జీవనోపాధి నిమిత్తం గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికునికి దేహారోగ్యమే పెట్టుబడి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి అప్పు చేసి వెళ్లినవాడు గుండెజబ్బుతోనో, మూత్రపిండాల వ్యాధితోనో మంచం పడితే ఆ భారం ఇంటిల్లిపాదిపైనా పడుతుంది. కనుక అతని ముందున్నది బీమా కావాలా, వద్దా అనే ప్రశ్న కాదు. ఏ బీమా అనే ప్రశ్న. ముస్లిమునకు మరొకటి కూడా ఉంది: ఆ ఒప్పందం ధర్మసమ్మతమేనా?

ఈ చర్చ పాతదే. హనఫీ ధర్మవేత్త ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) నౌకా సరుకుల బీమాను పరిశీలించి, దాని పరిహారం తీసుకోవడం సమ్మతం కాదన్నారు. 1985లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ వాణిజ్య బీమాను నిషిద్ధంగా నిర్ణయించింది. చెల్లించే సొమ్ము నిశ్చితం, తిరిగి లభించేది అనిశ్చితం; క్రయవిక్రయాలలో ఇటువంటి తీవ్ర అనిశ్చితిని ‘గరర్’ అంటారు. సభ్యులు ‘తబర్రు’ (విరాళం) భావంతో ఒక నిధిని ఏర్పరచుకొని, ఆపదలో ఒకరినొకరు ఆదుకునే సహకార బీమాను అకాడమీ సమ్మతించింది. తకాఫుల్‌కు ఇదే పునాది. ముస్తఫా జర్ఖా వంటి ధర్మవేత్తలు మాత్రం బీమా మూలతః సమ్మతమేనని వాదించారు. 2005లో దుబాయి సమావేశంలో అకాడమీ ఆరోగ్య బీమాను ప్రత్యేకంగా చర్చించి, ఇదే విభజనను దానికీ వర్తింపజేసింది.

ఆచరణలో ప్రవాసి మొదట తెలుసుకోవలసినది, చట్టం ఎవరిపై బాధ్యత ఉంచిందనే విషయం. సౌదీ అరేబియాలో 1999 నాటి చట్టం విదేశీ ఉద్యోగుల బీమాను యజమానికి విధిగా చేసింది. దుబాయిలో 2013 నాటి 11వ చట్టం ప్రకారం ఉద్యోగి బీమా ఖర్చు యజమానిదే. ఉద్యోగి తన వీసాపై తెచ్చుకున్న భార్యాబిడ్డల బీమా బాధ్యత అతనిదే. షార్జా, అజ్మాన్ మొదలైన ఉత్తర ఎమిరేట్లలో ప్రైవేటు ఉద్యోగుల బీమా 2025 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. ఏడాదికి 320 దిర్హమ్‌ల ప్రాథమిక పథకంలో ఆసుపత్రిలో చేరితే ఖర్చులో 20 శాతం, చేరకుండా వైద్యం పొందితే 25 శాతం రోగి భరించాలి. ఈ వాటాలకు గరిష్ఠ పరిమితులున్నాయి.

చట్టం నిర్బంధించిన చోట కార్మికునికి ఎంపిక లేదు. నిర్బంధం, అవసరం ఉన్నప్పుడు అటువంటి బీమాలో చేరినవానిపై దోషం లేదని పలువురు ఉలమాల అభిప్రాయం. కుటుంబానికి బీమా తీసుకునేటప్పుడో, అదనపు రక్షణ కోరినప్పుడో ఎంపిక అతని చేతిలోకి వస్తుంది. తకాఫుల్ అందుబాటులో ఉంటే దానికే ప్రాధాన్యమివ్వాలి.

అయితే పేరు చూసి తృప్తిపడరాదు. సౌదీలో 2003 నాటి చట్టం బీమా సంస్థలన్నింటినీ ‘సహకార’ సంస్థలుగానే పేర్కొంది. దాని అమలు నిబంధనలు మాత్రం మిగులులో 10 శాతం పాలసీదారులకు, 90 శాతం వాటాదారులకు నిర్దేశించాయి. దీనిని విమర్శించిన ధర్మవేత్తలున్నారు. ఎందుకంటే నిధి సభ్యులదైనప్పుడు మిగులు కూడా సభ్యులదే కావాలి. నిర్వాహకునికి చెందవలసినది అతని రుసుము. కనుక సభ్యుల నిధి, వాటాదారుల ధనం వేర్వేరుగా ఉన్నాయా? మిగులు ఎవరిది? నిధిని వడ్డీలో పెడుతున్నారా? షరీఅత్ పర్యవేక్షక మండలి ఉందా? అని విచారించాలి.

ధర్మసమ్మతమైన పథకం కూడా చికిత్సకు అక్కరకు రాకపోతే ప్రయోజనం లేదు. పూర్వమే ఉన్న వ్యాధులకు ఎప్పటినుంచి వర్తిస్తుంది, ప్రసవం చేరుతుందా, సమీపంలోని ఏ ఆసుపత్రులు జాబితాలో ఉన్నాయి, ఏడాది పరిమితి ఎంత అన్నవి సంతకానికి ముందే చదివించుకోవాలి. ఉన్న వ్యాధిని దాచడం మోసమే గాక, తర్వాత పరిహారం నిరాకరించడానికి కారణమవుతుంది.

స్వదేశంలో ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన పాస్‌పోర్టుపై వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. 2017 సవరణతో రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం నిర్ణయించారు. ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల పరిహారముంది. దీని ముఖ్యోద్దేశం ప్రమాద రక్షణ. వైద్య ఖర్చులకు లభించేది పరిమితం కనుక అది గల్ఫ్‌లోని ఆరోగ్య బీమాకు ప్రత్యామ్నాయం కాజాలదు.

ఉద్యోగం ముగిసి వీసా రద్దయితే యజమాని బీమా కూడా ముగుస్తుంది. వ్యాధితో తిరిగి వచ్చినవానికి అది ఇంట తోడురాదు. కనుక సంపాదన ఉన్నప్పుడే స్వదేశంలోని కుటుంబ చికిత్సకు కొంత ధనం విడిగా ఉంచుకోవడం వివేకం.