గళ్ల అక్షరాలు గతం కావు

పాత వీడియో గేముల్లో, తొలి కంప్యూటర్ తెరల మీద మెట్లుమెట్లుగా కనిపించిన అక్షరాలు ఇప్పుడు టీషర్టుల మీదికి, పోస్టర్ల మీదికి, కొత్త గేముల్లోకి మళ్లీ వచ్చాయి. వీటినే పిక్సెల్ ఫాంట్లు, బిట్‌మ్యాప్ ఫాంట్లు అంటారు. పాతకాలపు మోజే వీటిని వెనక్కి తెచ్చిందని చాలామంది అంటారు. మోజు ఉన్నమాట నిజమే. కానీ ఆ ఒక్క మాటతో సరిపెడితే అసలు సంగతి చేజారుతుంది. అక్షరాన్ని గుర్తుపట్టడానికి కనీసం ఏం కావాలో తేల్చే కఠినమైన విద్య ఇది. దాని అవసరం ఇంకా తీరలేదు. తెలుగులో అయితే చేయవలసిన పని చాలా మిగిలే ఉంది.

ఈనాటి మామూలు ఫాంటులో అక్షరం అంచులను గణిత సూత్రాలతో గీస్తారు, కాబట్టి ఎంత పెంచినా నున్నగానే ఉంటుంది. బిట్‌మ్యాప్ ఫాంటులో అక్షరమంటే ఏ గడి వెలగాలో, ఏది ఆరిపోవాలో చెప్పే పటం మాత్రమే. అడ్డంగా 8, నిలువుగా 8 గళ్లు తీసుకుంటే మొత్తం 64. గడికొక బిట్ చొప్పున ఒక్కో అక్షరానికి 8 బైట్లు చాలు. 128 అక్షరాల సెట్టు ఒక్క కిలోబైటులో ఇమిడిపోతుంది. మెమరీకి విపరీతమైన ఖరీదున్న రోజుల్లో ఆ పొదుపే ప్రాణాధారం. 1976లో వచ్చిన అటారీ కంపెనీ ‘క్విజ్ షో’ ఆటలోని 8×8 అక్షరాల తీరు తర్వాత నామ్కో కంపెనీ ఆటల ద్వారా ప్రపంచమంతా పాకింది. ఆ 64 గళ్లు కూడా పూర్తిగా చేతికి రావు. పక్క అక్షరానికి అంటుకోకుండా ఒక నిలువు వరుసను, ఒక అడ్డు వరుసను ఖాళీగా వదిలేయాలి. మిగిలిన 7×7 గళ్లలోనే ఇంగ్లీషు ‘బి’కీ 8 అంకెకూ, ‘ఓ’కూ సున్నాకూ తేడా తెలియాలి. ఆ తేడాను ఒకటి రెండు గళ్లే మోస్తాయి. అందుకే ఇక్కడ అలంకారంగా ఒక్క గడి కూడా ఉండదు.

ఈ ఇరుకులోనూ అందం సాధ్యమని నిరూపించిన కళాకారిణి సుసాన్ కేర్. 1984లో వచ్చిన ఆపిల్ మాకింటోష్‌కు 512×342 చుక్కల నలుపు తెలుపు తెర ఉండేది. దానికోసం ఆమె చికాగో, జెనీవా, మొనాకో వంటి నగరాల పేర్లతో ఫాంట్లు రూపొందించారు. ఏటవాలు గీత గళ్లలో పడగానే రంపపు పళ్లలా కనిపిస్తుంది. అందుకని చికాగోలో ఆమె చాలావరకు నిలువు, అడ్డం, 45 డిగ్రీల గీతలకే పరిమితమయ్యారు. మెనూలో పనిచేయని ఆదేశాన్ని మసకగా చూపడానికి గడి విడిచి గడి ఆర్పేసేవారు. సగం చుక్కలు పోయినా మాట చదవగలిగేంత బలం ఆ నిలువు గీతల్లో ఉంది. 2001లో తొలి ఐపాడ్ చిన్న తెర మీదికి ఆపిల్ మళ్లీ ఈ చికాగోనే తెచ్చింది. పదిహేడేళ్ల తర్వాత మరో పరికరానికి అది పనికొచ్చిందంటే కారణం జ్ఞాపకాల మీద మమకారం కాదు, చిన్న తెర మీద దాని స్పష్టత.

ఇప్పుడు చాలా ఫోన్లలో అంగుళానికి 300కు పైగా చుక్కలున్నాయి, ఇక గళ్లతో పనేమిటని అడగవచ్చు. ఫోన్ వరకు ఆ ప్రశ్న సబబే. కానీ బస్సు ముందు వెలిగే ఎల్ఈడీ బోర్డు, స్టేషన్లో రైలు వివరాల పలక, కరెంటు మీటరు, టికెట్టు మిషను వంటివి నేటికీ తక్కువ చుక్కలతోనే నడుస్తున్నాయి. వంపుల ఫాంటును బలవంతంగా పది పన్నెండు వరుసల్లోకి కుదిస్తే ఏ గడి వెలగాలో యంత్రం లెక్కలు కట్టి తేలుస్తుంది. కొన్ని గీతలు లావెక్కుతాయి, కొన్ని మాయమవుతాయి. అక్కడ మనిషి కన్ను చేసిన ఎంపికే గెలుస్తుంది. ఇవి చదవడానికి కష్టమన్న మరో అభ్యంతరాన్ని మాత్రం ఒప్పుకోవాలి. పేజీల కొద్దీ వచనానికి ఇవి తగవు. శీర్షికకు, సూచికకు, ఆటలోని చిన్న మాటకు వాడాలి. పెంచినా రెండింతలు, మూడింతలు అన్నట్టు పూర్ణాంకాల్లోనే పెంచాలి. ఒకటిన్నర రెట్లు చేస్తే అంచులు చెదిరిపోతాయి.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి సవాలు రెట్టింపవుతుంది. మన అక్షరం గుండ్రన, గడి చతురస్రం. పైన తలకట్టు, గుడి, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఎనిమిది వరుసలు చాలవు. ర, ఠల మధ్య తేడా ఒక చుక్క. ప, ఫల మధ్య తేడా కింది చిన్న గీత. ఆ గడి తప్పితే మాటే మారిపోతుంది. గ్నూ యూనిఫాంట్ అనే స్వేచ్ఛా ఫాంటులో తెలుగు అక్షరాలకూ గళ్ల రూపాలున్నాయి. అయితే అది ఒక్కో యూనికోడ్ సంకేతానికి ఒక్కో రూపం ఇచ్చే పద్ధతి. ‘క్ష్మి’ లాంటి సంయుక్తాక్షరానికి విడి సంకేతం లేదు కనుక ఒత్తులను ఎక్కడ, ఎలా పేర్చాలో వేరే ఏర్పాటు కావాలి. అంత శ్రమ అవసరమా అంటే, అవసరమే. 24×24 గళ్లలో 500 రూపాలు గీసినా మొత్తం 36,000 బైట్లు. నేటి చిన్న చిప్పుకు అది భారం కాదు. లోపం యంత్రంలో లేదు, మన పూనికలో ఉంది.

అక్షర రూపకర్తలు, సాంకేతిక విద్యార్థులు దీన్ని సరదా పనిగా చూడకూడదు. 16 వరుసల్లో ఒకటి, 24 వరుసల్లో ఒకటి, ఒత్తులతో సహా చక్కటి తెలుగు గళ్ల ఫాంట్లు గీసి అందరికీ ఉచితంగా అందించాలి. ఊరి పేరును తెలుగులో చూపే ప్రతి బోర్డూ దూరం నుంచి తడబాటు లేకుండా చదవగలిగేలా ఉండాలి. తెలుగు చదివే ప్రయాణికుడికి అది న్యాయంగా అందవలసిన సౌకర్యం.