పాయిఖానాయు పౌరగౌరవమును

దక్షిణాఫ్రికాలోని దర్బాను నగరము ఆంధ్రులకు క్రొత్తది కాదు. 1860వ సంవత్సరము నవంబరు నెలలో మద్రాసునుండి వచ్చిన తొలి కూలీ ఓడ చేరినది ఆ రేవునకే. నేటాలు చెఱకుతోటలలో చెమటోడ్చినవారిలో తెలుగువారనేకులు. వారి సంతతివారు నేటికిని అచ్చట గలరు. ఆ నగరమునకు చేరువనే 1904లో గాంధీమహాత్ముడు ఫీనిక్సు ఆశ్రమమును నెలకొల్పెను. ఆ నగరమే నేడు మఱియొక కారణమున మన దృష్టి నాకర్షింపదగియున్నది. నీటితో పనిలేని పాయిఖానాలను వేలకొలది కట్టించి, అందలి మేలెట్టిదో, చిక్కెట్టిదో లోకమునకు అనుభవపూర్వకముగా తెలిపినది ఆ నగరపాలక సంఘము.

2000 డిసెంబరులో నగరపు ఎల్లలు పెరిగి, ఏతెక్వినీ అను పేర సుమారు 2,300 చదరపు కిలోమీటర్ల పాలన యేర్పడెను. క్రొత్తగా చేరినవి కొండచఱియలపై ఇండ్లు చెదరియున్న జూలూ పల్లెలు. అందు పెక్కింటికి మంచినీటి గొట్టమును లేదు, మురుగు గొట్టమును లేదు. ఆ యేడు ఆగస్టు నెలలోనే ఆ రాష్ట్రమున కలరా పుట్టి, మఱుసటి యేడు ముగియులోపల లక్షకు పైబడిన జనమును పీడించెను. ఊరూరికిని మురుగు గొట్టములు వేయవలెనన్న దుర్భరమైన వ్యయము, వేయకుందమన్న ప్రాణాపాయము. సంఘము మధ్యేమార్గమును వెదకెను.

ఆ మార్గమిట్టిది. నేలపై ఇటుకలతో రెండు గదులు కట్టి, పైన పీఠమమర్తురు. పీఠపు ముందుభాగమున పడిన మూత్రము గొట్టముద్వారా నేలలో ఇంకిపోవును. వెనుకభాగమున పడిన మలము గదిలో చేరును. నీరు పోయుటకు మాఱుగా పిడికెడు ఇసుకయో బూడిదయో చల్లుదురు. ఒక గది నిండగనే పీఠమును రెండవదానిపైకి మార్చి, మొదటిదానిని చాలకాలము ఆరనిత్తురు. గాలిగొట్టము దుర్గంధమును పైకి కొనిపోవును. గొట్టపు కొనను వెలుతురుచూచి ఎగసిన ఈగలను అందలి జల్లెడ అడ్డగించును. ఈ గాలిగొట్టపు యుక్తి జింబాబ్వే దేశమున 1970 ప్రాంతమున పీటరు మోర్గను అను శాస్త్రజ్ఞుని కృషివలన ప్రచారమునకు వచ్చినది. ఆయనకు 2013లో స్టాక్‌హోము జలబహుమానము లభించెను. ఏతెక్వినీయందు ఇట్టి పాయిఖానాలు 80,000కు పైగా లేచినవి.

వీనితోపాటు ప్రతి యింటికిని దినమునకు 200 లీటర్ల నీరు ఉచితముగా నొసగు తొట్టి నమర్చిరి. ఇచ్చట కొంచెము లెక్క వేసి చూతము. తొమ్మిది లీటర్ల నీటితో కడుగు పాయిఖానాను ఐదుగురున్న కుటుంబము తలకు నాలుగుమారులు వాడినచో 180 లీటర్లు మురుగుపాలగును. త్రాగుటకు, వండుటకు, స్నానమునకు మిగులునది ఇరువది లీటర్లు! నీరు మోసి మోసి అలసిన పల్లెపడతులకు ఈ లెక్క యొకరు చెప్పవలసిన పని లేదు.

అయినను జనులు సంతుష్టులైరా? కాలేదు. పరిశోధకులు ఇల్లిల్లు తిరిగి విచారింపగా పలువురు తమ అసంతృప్తినే వెల్లడించిరి. ఇది అజ్ఞానమని కొట్టివేయుట అన్యాయము. వర్ణవివక్ష ప్రభుత్వము 1994లో కూలినది. శ్వేతజాతివారి పేటలలో నాడును నేడును గొలుసు లాగినంతనే నీరు పాఱుచున్నది. ఓటుహక్కు వచ్చిన పిదపకూడ మాకు ఇసుకడబ్బాయేనా యని నల్లవారడుగుచున్నారు. ఆ ప్రశ్న పాయిఖానాను గూర్చినది కాదు, గౌరవమును గూర్చినది. అంతేకాక, నిండిన గదిని త్రవ్వి ఖాళీచేయు పని తొలుత ఇంటివారిమీదనే పడెను. ఏడాది యారినను ఏలికపాముల గ్రుడ్లు కొన్ని చావవు. ఆ పని అసహ్యకరమే కాదు, అపాయకరమును. ఈ భారమును పిమ్మట నగరపాలక సంఘమే వహింపవలసివచ్చెను.

అట్లని నీటి పాయిఖానాయే పరమగతి యనుటకును వీలులేదు. 2018లో కేపుటౌను నగరమున అనావృష్టివలన మనిషికి దినమునకు 50 లీటర్లకు మించి వాడరాదని కట్టడి చేసిరి. అపుడు ధనికులును స్నానపు నీటిని పట్టియుంచి పాయిఖానాలో పోసికొనిరి. 2022 ఏప్రిలులో దర్బానును ముంచిన వరదలు 400 మందికి పైగా పొట్టనబెట్టుకొని, మురుగును శుద్ధిచేయు కర్మాగారములను పాడుచేయగా, ఆ మురుగు నదులలోను సముద్రములోను కలిసెను. ఘనమైన ఏర్పాటు కూలినప్పుడు కలుగు హానియు ఘనమే.

ఈ సందర్భమున టాల్‌స్టాయి క్షేత్రము జ్ఞప్తికి వచ్చుచున్నది. 1910లో జొహానెస్‌బర్గు చెంత వెలసిన ఆ క్షేత్రమున మలమును మట్టితో కప్పి ఎరువు చేసికొనిరని గాంధీజీయే వ్రాసియున్నారు. అచ్చట అది ఎవరికిని అవమానము కాలేదు. ఏలన, అందఱును ఆ నియమమునకు లోబడినవారే. దర్బానులో లోపించినది యంత్రము కాదు, ఈ సమత్వము. పేదవానికి మాత్రమే విధించిన పొదుపు పొదుపు కాదు, శిక్ష. మూత్రమునుండి ఎరువు తీయుటకు స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులతో కలిసి ఆ నగరము జరిపిన కృషికి “వూన” యని పేరిడిరి. జూలూ భాషలో దానికి పంటకోత యని అర్థము. ఆ విద్య పల్లె కొండలకే పరిమితము గాక, నగర సౌధములకును ప్రాకిననాడు పేదవాని సందేహము తానే తీరును.

చేతులతో మలమెత్తు దురాచారమును 1993లోను, మరల 2013లోను శాసనములచే నిషేధించుకొన్న మనకు ఈ పాఠము అక్కఱలేనిది కాదు. పాయిఖానాను కట్టుటతో పని ముగియదు. దానిని ఎవరు వాడుదురు, ఎవరు శుభ్రపఱతురు, ఆ భారము అందఱును సమముగా మోయుచున్నారా యని విచారించినపుడే అది పారిశుద్ధ్యమనిపించుకొనును.