దొరికితే శిక్ష ఉంది కదా, మళ్లీ ఎందుకు చేస్తారు?

ఉపాధి హామీ సామాజిక తనిఖీ అయ్యాక మండలంలో ప్రజావేదిక పెడతారు. తంగళ్ళపల్లిలోనే అనుకోండి. ఊరూరి మస్టర్ (హాజరు పట్టీ) లెక్క మైకులో చదువుతుంటే, జాబ్ కార్డు పట్టుకొని ఒకామె లేస్తుంది: "ఆ వారం నేను పనికే పోలె సారూ, మా తల్లిగారింట్ల ఉన్న." ఆ హాజరు వేసిన ఫీల్డ్ అసిస్టెంట్ మీద రికవరీ రాస్తారు.

నలుగురిలో ఇలా బయటపడ్డాక మళ్లీ ఎవరైనా సాహసిస్తారా?

చేస్తారు, దారి మార్చి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006–10 మధ్య జరిగిన తనిఖీల నివేదికలను ఆర్థికవేత్తలు ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఐవర్సన్ పరిశీలించారు. కూలికి సంబంధించిన ఒక్కో అక్రమంలో పోయే సొమ్ము కొంత తగ్గింది. సామగ్రి వైపు అక్రమాలు మాత్రం పెరిగాయి. దొంగ హాజరు పడితే ఆ పేరున్న మనిషే లేచి కాదంటుంది. రోడ్డు మీద ఎన్ని ట్రాక్టర్ల మొరం పోశారో ఎవరు లెక్కపెట్టారు? కొలతల పుస్తకం(ఎంబీ)లో రాసిందే లెక్క.

మరి శిక్షలేమయ్యాయి? సిబ్బందిని బాధ్యులుగా తేల్చిన అక్రమాల్లో తొలగింపు, సస్పెన్షన్, క్రిమినల్ కేసు దాకా వెళ్లినవి 1 శాతం కూడా లేవు. పోయిన సొమ్ములో 87 శాతం అప్పటికి వసూలే కాలేదు.

శిక్ష పెంచితే సరిపోతుందా అంటే, చాలదు. తప్పు చేసేవాడు ముందు చూసేది శిక్ష ఎంతని కాదు, తనదాకా వస్తుందా అని. ఇటలీ పండితుడు బెకారియా 1764లోనే ఈ మాట చెప్పాడు. పైగా రికవరీ అంటే తిన్నది కక్కించడమే. దొరికితే తిరిగి కట్టాలి, దొరక్కపోతే మిగులు. ఇందులో నష్టమెక్కడ? చిన్న శిక్ష ఎదురు తిరగొచ్చు కూడా. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని శిశు సంరక్షణ కేంద్రాలు చిన్న జరిమానా పెట్టాయి. ఆలస్యాలు పెరిగాయి. డబ్బు కట్టేశాం కదా అన్న ధీమాతో మొహమాటం పోయింది. జరిమానా ఎత్తేసినా ఆ మొహమాటం తిరిగి రాలేదు.

నలుగురు కలిసి చేసే అక్రమం సంగతి ఇంకా చిక్కు. బిల్లు మీద సంతకాలు నాలుగుంటాయి, దెబ్బ మాత్రం కింది మనిషికే. అప్పుడు వాడికి కలిగేది సిగ్గు కాదు, ఉక్రోషం. మిగతావాళ్లు నేర్చుకునేది నిజాయితీ కాదు, ఒకరినొకరు కాపాడుకోవడం. నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద నష్టంగా కనిపిస్తుంది. ఊళ్లో నిజం తెలిసినవాళ్లు కూడా "పాపం, వాడొక్కడే దొరికిండు" అని నోరు మూసుకుంటారు.

అందుకే వచ్చే ప్రజావేదికలో కొత్త లెక్క విప్పేముందు పాతది చదవాలి: నిరుడు ఎవరి మీద ఎంత రాశారు, ఎంత కట్టారు, ఆ కొలతకు సంతకం పెట్టిన అధికారి మీద ఏం చర్య తీసుకున్నారు.