కాఫీయు, కడుపును

తెల్లవారగానే కాఫీ పడనిదే విరేచనము కాదని మనలో అనేకులు చెప్పుదురు. సేలము, కోయంబత్తూరు, బెంగుళూరులలో స్థిరపడిన మన నేత కుటుంబములలో ఈ అలవాటు హెచ్చు. కాఫీ మలబద్ధమును పోగొట్టునని కొందరును, అదియే తెచ్చునని కొందరును వాదింతురు. ఇందు నిజమెంతయో పాఠకులకు మనవి చేయదలచితిమి.

చరక సుశ్రుతుల గ్రంథములలో కాఫీ ప్రసక్తి లేదు. 17వ శతాబ్దిలో బాబా బూదన్ అను ఫకీరు యెమెన్ నుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ప్రతీతి. కావున వైద్యులు దాని రుచిని, గుణమును బట్టి నిర్ణయించుచున్నారు. కాఫీ చేదు, రూక్షము, ఉష్ణము, తీక్ష్ణము. ఉష్ణ తీక్ష్ణములు పిత్తమును రేపి కడుపులో మంట, పులిత్రేన్పులు కలిగించును. చేదును రూక్షతయు వాతమును పెంచును. మలమును క్రిందికి త్రోయునది అపానవాయువు. అది చెడినచో మలము ఎండి గట్టిపడును.

మరి ఉదయపు కాఫీ కొందరికి పనిచేయుట ఎట్లు? 1990లో 'గట్' అను వైద్యపత్రికలో వెలువడిన పరిశోధనలో 99 మంది ఆరోగ్యవంతులను ప్రశ్నింపగా, 29 శాతము మంది కాఫీ త్రాగిన పిమ్మట విరేచనమునకు పోవలెననిపించునని చెప్పిరి. అట్టివారిని పరీక్షింపగా 4 నిమిషములలోనే పెద్దప్రేగు కదలిక హెచ్చినది. తక్కినవారిలో ఆ మార్పు లేదు. అనగా కాఫీ కొందరి ప్రేగును కదల్చును గాని, అందరికిని మందు కాదు.

అసలు చిక్కు వేరొకటి కలదు. కాఫీ ఆకలిని అణచును. దానితో చద్దన్నము, గంజి మానుదుము. పడుగునకు గంజి పెట్టుట మరువని మనము కడుపునకు గంజి మరచుచున్నాము! గుంటమగ్గములో గంటల తరబడి కూర్చుండి, నీరు త్రాగక, 'ఈ మూర నేసి లేతము' అని విరేచనమును ఆపుకొందుము. మరుగుదొడ్డి దూరమైన ఇండ్లలో స్త్రీలు చీకటి పడువరకు ఓర్చుకొందురు. ఇట్టి వేగధారణము వలన కలుగు రోగములను వాగ్భటుడు అష్టాంగహృదయము సూత్రస్థానమున నాలుగవ అధ్యాయములో వివరించెను. కాఫీ మానినను ఈ అలవాటు మానక మలబద్ధము తీరదు.

కావున లేవగానే నీరు త్రాగుడు. గంజియో, అన్నమో తిన్న పిదపనే పాలు హెచ్చుగా పోసిన పలుచని కాఫీ ఒక కప్పు చాలును. కడుపుమంట గలవారు మానుటయే మేలు. నిద్ర చెడకుండ సాయంకాలము వలదు. ఆకుకూరలు, పండ్లు తినుడు. గంటకొకమారు మగ్గము విడిచి నాలుగడుగులు వేయుడు. కరక్కాయ, తానికాయ, ఉసిరిక చేరిన త్రిఫలచూర్ణము వైద్యుని అడిగియే వాడుడు. గర్భిణులు తమంత తాము ఏ భేదిమందును తీసికొనరాదు.

మలములో రక్తము కనబడినను, కారణము లేక బరువు తగ్గినను, విరేచనపు తీరు హఠాత్తుగా మారినను ఇంటి చిట్కాలతో కాలము గడపక వెంటనే డాక్టరుకు చూపించుకొనవలెను. ఇంటి ఆడవారు చెప్పుటకు సిగ్గుపడుదురు గనుక, అడిగి తెలిసికొనుట ఇంటిపెద్దల బాధ్యత.