సవరలు మృతులకై రాయి నిలుపుట యెందుకు?

సీతంపేట మన్యమున పూర్వాచారము ననుసరించు సవరలు, మృతదేహమును దహించి, అస్థిభస్మములను భూస్థాపితము చేసిన పిమ్మట, బంధువులందఱును కూడివచ్చు ననుకూల కాలమున ‘గువార్’ అను క్రతువు జరిపి, మృతుని పేర నొక నిలువురాతిని పాతి, దున్నపోతును బలి యిత్తురు. దహనముతోనే పని ముగియలేదా? లేదు, ఆ క్రతువు జరుగువఱకు మృతుడు పితరులలో స్థిరపడక, ఆకలితో తిరుగాడుచు, బ్రతికియున్నవారికి రోగబాధలు కలిగించునని వారి విశ్వాసము. అట్టి వానిని భయంకర పిశాచమని తలచుట న్యాయము కాదు, అతడు ఇంటివాడే.

సవర మృతుడు మౌనముగా నుండడు. పూనకమునందిన ‘కురన్’ అను పూజారి నోట తన కోరికలు పలుకును, బంధువులు బదులు చెప్పుదురు, ఒక్కొక్కప్పుడు బేరమాడుదురు.