మగ్గం చప్పుడు సంగీతం ఎట్లవుతుంది? అపోహలు – వాస్తవాలు

ఎమ్మిగనూరులో మగ్గం చప్పుడు గురించి ఎవరూ పనిగట్టుకుని మాట్లాడరు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. నాడె అటూ ఇటూ కొట్టుకునే మోతలోనే పిల్లలు నిద్రపోయారు, పరీక్షలకు చదువుకున్నారు. ఆ మోతనే రికార్డు చేసి, దానికింద సింథసైజర్ నాదం ఒకటి నిలిపి, పైన వయొలిన్‌నూ మాటల్లేని గొంతునూ కలిపి ఇరవై నిమిషాల రచన చేయొచ్చనీ, దాన్ని యాంబియంట్ సంగీతమంటారనీ చెబితే మాత్రం నవ్వుతారు. ఆ నవ్వు వెనక ఉన్న అపోహల్లో కొన్నింటికి ఓపిగ్గా జవాబు చెప్పాలి, కొన్నింటికి ఒక్క మాట చాలు.

అపోహ: రాగం లేదు, తాళం లేదు, పల్లవి లేదు. ఇంక సంగీతమేంది?

ఆలాపనకు తాళమూ లేదు, పల్లవీ లేదు. దాన్ని సంగీతం కాదనే సాహసం ఎవరూ చేయరు. సరే, అందులో రాగముంది కదా అంటారు. మరి తంబూర సంగతి? నాలుగు తీగలు, సాధారణంగా రెండే స్వరాలు, వరస అంటూ ఏమీ లేదు. అయినా కచేరీ మొదలయ్యే ముందు తంబూర ఒక్కటే మోగుతుంటే చెవి దానిమీదే నిలుస్తుంది. తీగకూ బ్రిడ్జికీ మధ్య చిన్న నూలు పోగు పెడతారు. దాన్ని జీవ అంటారు. ఆ పోగును వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపితే తీగలోని పై స్వరాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి, లేదా ముడుచుకుపోతాయి. మీటిన స్వరం అదే, మారింది దాని రంగు. యాంబియంట్ రచనలో ఎక్కువ పని ఈ రంగు మీదే జరుగుతుంది. పాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఏమీ జరగలేదనిపిస్తుంది.

అపోహ: ఇది నిద్రపట్టడానికి పెట్టుకునేది.

నన్నడిగితే, ఈ పేరుతో వస్తున్నదాంట్లో చాలా భాగం నిద్ర తెప్పించేదే. ఆ తప్పు చేసినవాళ్లది, పద్ధతిది కాదు. ఇంగ్లండుకు చెందిన బ్రయన్ ఈనో 1978లో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ విడుదల చేస్తూ పెట్టుకున్న షరతు కఠినమైనది: పట్టించుకోకపోతే అడ్డురాకూడదు, పట్టించుకుంటే విసుగు రాకూడదు. రెండో సగాన్ని జనం మరిచిపోయారు. అందులో ఒక భాగానికి మాటల్లేని గొంతులే ఆధారం. ఒక్కో స్వరాన్ని ఒక్కో టేపు చుట్టలో ఎక్కించి, స్టూడియోలో కుర్చీల కాళ్ల చుట్టూ ఆ టేపును తిప్పాడు. ఒక స్వరం 23న్నర సెకన్లకోసారి వస్తుంది, ఇంకొకటి 26 సెకన్లకు కాస్త ముందే, మరొకటి 30 సెకన్లకు కొంచెం తక్కువలో. ఈ లెక్కలు ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి ఒకసారి పడిన కూర్పు మళ్లీ అదే విధంగా పడటానికి చాలా కాలం పడుతుంది.

ఈ కిటుకు తెలుసుకోవడానికి నేతగాళ్ల వీధిలో అరుగు మీద కాసేపు కూర్చున్నా చాలు. పక్కపక్క ఇళ్లలో రెండు మగ్గాలు ఆడుతుంటాయి. ఇద్దరి చేతివేగం ఒక్కటి కాదు. కాసేపు ఒకరి దెబ్బ వెంట ఒకరి దెబ్బ పడుతుంది, ఉన్నట్టుండి రెండూ కలిసి ఒకే దెబ్బగా మోగుతాయి, మళ్లీ విడిపోతాయి. కండె అయిపోయి ఒకరు ఆగితే రెండో మగ్గం ఒంటరిగా వినిపిస్తుంది. విమానాశ్రయం కోసం ఈనో చేసింది, ఈ వీధిలో ఎవరూ చేయకుండానే జరిగిపోయేది, గణితంలో ఒకటే.

అపోహ: అంతా కంప్యూటరే చేస్తుంది, ఫోనుంటే ఎవరైనా చేస్తారు.

1948లో పారిస్ రేడియోలో పియెర్ షాఫెర్ రైలుబండ్ల చప్పుళ్లతో రచన చేసినప్పుడు కంప్యూటర్ లేదు. గ్రామఫోన్ డిస్కుల మీద కోత కోసి చేశాడు. ఫోను విషయానికొస్తే, అది మాట వినడానికి తయారైన వస్తువు. చాలా ఫోన్లు గొంతును పైకి తెచ్చి మిగతాదాన్ని రొద కింద లెక్కగట్టి అణిచేస్తాయి. మగ్గం దగ్గర పెడితే మగ్గాన్నే తీసిపారేసి, పక్కింట్లో ఎవరో పిలిచిన కేకను భద్రంగా దాచిపెడుతుంది. రికార్డర్‌తో వెళ్లినా సుఖం లేదు. ఆషాఢంలో మన ప్రాంతపు గాలి తెలిసిందే. మైకుకు బొచ్చు తొడుగు లేకపోతే వినిపించేది దడదడ తప్ప మరోటి కాదు. గుంట మగ్గం దగ్గర మైకు ఎక్కడ పెట్టాలన్నది అసలు పరీక్ష. పైన పెడితే నాడె పెట్టెకు కొట్టుకున్న మోత ముందుకొస్తుంది. గుంటలో కాళ్ల దగ్గర పెడితే తొక్కుడు చెక్కల కిర్రు, నేతగాడి ఊపిరి. కాంటాక్ట్ మైకును మగ్గం కర్రకే అతికిస్తే గాలిలో వినపడని లోగొంతు, చెక్క లోపలి కంపనం దొరుకుతుంది. ఆ కంపనాన్ని సగం వేగంతో నడిపితే శ్రుతి ఒక స్థాయి కిందికి దిగి పెద్ద డప్పులాగా మోగుతుంది. అప్పుడు వయొలిన్ ఏ శ్రుతిలో పట్టాలో చెక్కే చెబుతుంది. ఇంత చేశాక గంటల రికార్డింగులో నిలిచేవి కొద్ది నిమిషాలు. ఏది పారేయాలో కంప్యూటర్ చెప్పదు.

ఇక ఎలక్ట్రానిక్స్ సంగీతాన్ని చంపేస్తుందనే మాట. కచేరీ వేదిక మీద ఎలక్ట్రానిక్ తంబూర పెట్టె మోగుతుండగా ఆ మాట అనడం కొంచెం కష్టం.

అపోహ: ఇది నిన్నమొన్నటి విదేశీ మోజు.

1969లోనే అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థకు అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి, మూగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా అక్కడ పనిచేశారు. ఆ టేపులు దశాబ్దాల పాటు సంస్థలోనే పడి ఉండి, 2023లో గానీ ఆల్బంగా బయటికి రాలేదు. గీతా సారాభాయ్ పఖావజ్ నేర్చిన మనిషి. 1946లో న్యూయార్క్‌లో సంగీతకారుడు జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం గురించి చెప్పి, బదులుగా ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. ఇచ్చిపుచ్చుకోవడం అప్పట్నుంచే ఉంది.

అయితే దీనికి ఎదురు అపోహ ఒకటుంది: “మనవాళ్లకు ఇదంతా ఎప్పుడో తెలుసు.” దీనికి సాక్ష్యంగా చూపడానికి మన చుట్టుపక్కల కావలసినంత ఉంది. ఆదోని, ఆలూరు దాటి బళ్లారి పోతే ఊరి దగ్గరే కుప్పగల్లు గుట్ట. నల్లటి డోలరైట్ బండల మీద నవీన శిలాయుగపు బొమ్మలున్నాయి, కొన్ని బండలను రాయితో కొడితే గంటలాగా మోగుతాయి. పురావస్తు పరిశోధకురాలు నికోల్ బోయివిన్ 2004లో వీటి గురించి రాశాక బయట చాలామందికి తెలిసింది. ఇటు బెలుం గుహల్లో సప్తస్వరాల గుహ ఉంది, కొట్టిన చోటును బట్టి వేలాడే సున్నపురాయి స్వరం మారుతుంది. రెండూ అద్భుతాలే. కానీ బండను మోగించినవాళ్లు దేనికోసం మోగించారో బండ చెప్పదు. వాళ్లను యాంబియంట్ కళాకారులుగా చేయడం వాళ్లకు మర్యాద కాదు, మనకూ అవసరం లేదు.

అపోహ: సినిమాలో ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) లాంటిదే.

ఆర్ఆర్‌కు తెర మీద బొమ్మ ఉంది, దానికి కొలిచి కొడతారు. ఇక్కడ బొమ్మ లేదు.

అపోహ: వీధిలో వినబడేది ఎవరి సొత్తూ కాదు.

అన్నిటికంటే నష్టం చేసిన అపోహ ఇదే. 1970లో హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు సాలమన్ దీవుల్లో అఫునక్వా అనే స్త్రీ పాడిన జోలపాటను రికార్డు చేశాడు. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి బృందం దాన్ని ఎలక్ట్రానిక్ దరువు మీద పెడితే ప్రపంచమంతా మోగింది. పాడిన ఆమె పేరు మాత్రం వినేవాళ్లకు చేరలేదు. దీనికి భిన్నంగా సంగీతకారుడు సారథి కోర్వార్ 2016లో ‘డే టు డే’ ఆల్బం చేసినప్పుడు గుజరాత్‌లోని రతన్‌పూర్ సిద్దీ గాయక బృందం పేరు చెప్పాడు.

మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ పాడినవారికి, వాయించినవారికి ప్రదర్శకుల హక్కు ఇస్తుంది. 50 ఏళ్లు ఉంటుంది. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో జనం గోల రికార్డు చేయడం వేరు, ఆ గోలలో ఒక అవ్వ పాడుతున్న పాట మీదికి మైకు తిప్పడం వేరు. రెండోదానికి అడగాలి. “అవ్వా, ఇది ఫలానా పనికి వాడుకుంటాను” అని చెప్పి, రికార్డు చేసింది ఆమెకు వినిపించి, వద్దన్న ముక్క అక్కడే తీసేయాలి. డబ్బులొస్తే పంచాలి. పేరు వేస్తానంటే కొందరు సంతోషిస్తారు, కొందరు మా ఇంట్లో ఒప్పుకోరంటారు. ఒప్పుకోకపోతే ఆ గొంతు లేకుండానే రచన పూర్తి చేసుకోవాలి.