నింద మామిడి రసానిది... తప్పు అన్నం రాశిది!

ఇంట్లో ఎవరికైనా షుగరొస్తే ముందుగా నిషేధం పడేది మామిడిపండు మీదే. అన్నం జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు. రసాలకు పెట్టింది పేరైన నూజివీడు సీమలోనూ ఇదే తంతు. ఇంతకీ అసలు లెక్క ఏం చెబుతోంది?

మే నెల వచ్చిందంటే నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట దారులన్నీ మామిడి వాసనే. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు... ఒక్కోదానిది ఒక్కో రుచి. ఇక్కడి వేసవి భోజనానికీ ఓ వరస ఉంది. వేడివేడి అన్నంలో ముద్దపప్పు, కొత్తావకాయ, నెయ్యి. ఆ తర్వాత కూర, పులుసు. చివర్లో పెరుగన్నంలోకి మామిడిపండు. పండు మిగిలిపోయిందని ఇంకో గరిటెడన్నం!

అదే పంక్తిలో కూర్చున్న తాతగారి పళ్లెంలోకి మాత్రం పండు రాదు. ‘మామయ్యగారూ, మీకు షుగరు కదా’ అంటుంది కోడలు. తన చేత్తో నాటిన చెట్టు పండును ఆయన చూస్తూ ఊరుకోవాల్సిందే. అన్నం మాత్రం అందరితోపాటు ఆయనకూ పడుతుంది. ఈ సీమలోనే కాదు, చాలా తెలుగిళ్లలో కనిపించే దృశ్యమే ఇది.

లెక్క వేస్తే...

వంద గ్రాముల మామిడి గుజ్జులో పిండిపదార్థాలు సుమారు 15 గ్రాములు. వాటిలో అధికభాగం చక్కెరలే. అదే వంద గ్రాముల తెల్లన్నంలో 28 గ్రాములు. మధ్యాహ్నం 300 గ్రాముల అన్నం తిన్నారనుకుంటే 84 గ్రాములు. అంటే అరకిలోకి పైగా మామిడి గుజ్జుతో సమానం! నాలుకకు తియ్యగా తగలదు కాబట్టి అన్నాన్ని ఎవరూ అనుమానించరు. అరిగాక ఆ పిండి కూడా గ్లూకోజుగా మారి రక్తంలోకే చేరుతుంది. బియ్యానికి బాగా పాలిష్ పడితే తవుడుతోపాటు పీచూ పోతుంది. దాంతో ఆ మార్పు ఇంకా వేగంగా జరుగుతుంది.

అలాగని మామిడిని పూర్తిగా వెనకేసుకు రావడానికీ లేదు. వరసగా రసాలు జుర్రి 400 గ్రాముల గుజ్జు లాగించేస్తే 60 గ్రాముల పిండిపదార్థాలు అదనం. అదీ కడుపునిండా అన్నం తిన్నాక!

రోజూ ఇదే వరసైతే...

గ్లూకోజు పెరిగినప్పుడల్లా క్లోమం ఇన్సులిన్‌ను వదులుతుంది. తిండి ఎక్కువై, ఒంటికి పని తగ్గి, నడుం చుట్టూ కొవ్వు చేరితే ఇన్సులిన్ చెప్పినట్టు కణాలు వినవు. కొన్నేళ్లకు క్లోమం అలసిపోతుంది. వంశపారంపర్యం తోడైతే ముప్పు మరింత ఎక్కువ.

21 దేశాల్లో లక్షా 32 వేలమందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2020లో వెలువడ్డాయి. రోజుకు 150 గ్రాములలోపు అన్నం తినేవారితో పోలిస్తే 450 గ్రాములు, అంతకు మించి తినేవారికి మధుమేహం వచ్చే ముప్పు దక్షిణాసియాలో 61 శాతం ఎక్కువని తేలింది. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్లమంది. ఆ అంచున ఉన్నవారు మరో 13.6 కోట్లమంది. తాతగారి పక్కనే కూర్చుని మారు వడ్డించుకుంటున్న నలభై ఏళ్ల కొడుకు గురించి ఇంట్లో ఆలోచించాల్సింది అందుకే.

చపాతీతో సరిపోతుందా?

‘రాత్రిళ్లు అన్నం మానేశాం, చపాతీలే’ అని నిశ్చింతగా ఉండేవారు ఎందరో. పిండిపదార్థాల మొత్తం తగ్గించకుండా బియ్యం బదులు గోధుమలో, చిరుధాన్యాలో తింటే ముప్పు తగ్గినట్టు కనిపించలేదని అదే మండలి సర్వే 2025లో తేల్చింది. మనవాళ్లకు అందే కెలోరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయట. అందులో కొంత తగ్గించి పప్పులు, పెరుగు వంటివాటి నుంచి మాంసకృత్తులు తీసుకునేవారిలో మాత్రం ముప్పు తక్కువగా ఉంది.

మార్పుతో ఫలితం ఉంటుందనడానికీ రుజువుంది. మధుమేహం అంచున ఉన్నవారిపై చెన్నైకి చెందిన డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. మామూలు సలహాతో సరిపెట్టుకున్నవారిలో మూడేళ్లలో నూటికి 55 మంది మధుమేహం బారిన పడ్డారు. తిండి మార్చుకుని, నడక అలవాటు చేసుకున్నవారిలో ఆ సంఖ్య 39కి తగ్గింది.

పళ్లెం ఇలా...

* సగం పళ్లెం కూరలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, గుడ్డు లేదా చేప. మిగిలిన పావు అన్నం.

* మామిడికాయ పప్పు మంచిదే. పప్పు ఎక్కువ, అన్నం తక్కువ కలుపుకోవాలి. ఆవకాయ రుచికి అన్నం పెరిగిపోతుంది, జాగ్రత్త.

* ముందు కూర, పప్పు తిని ఆ తర్వాత అన్నం తింటే గ్లూకోజు అంత వేగంగా పెరగదు.

* పండు తినే పూట అన్నం తగ్గించాలి. జ్యూసు, తాండ్ర కన్నా పండే నయం.

* భోజనం తర్వాత పదిహేను నిమిషాలు నడవాలి.

* పరగడుపు పరీక్షలో 100 నుంచి 125 వస్తే అది హెచ్చరిక. 126, ఆపైన వస్తే మరోసారి పరీక్షించి నిర్ధారించుకోవాలి.

* మందులు, ఇన్సులిన్ వాడేవారు తిండిలో మార్పులకు ముందు వైద్యులను అడగాలి.

వచ్చే వేసవికి ఆ పంక్తిలో చిన్న మార్పు చాలు. అందరి పళ్లెంలోనూ ఓ గరిటె అన్నం తగ్గించి, ఓ గరిటె పప్పు పెంచాలి. చక్కెర అదుపులో ఉండి, డాక్టరు సరేనంటే... తాతగారి చేతికీ ఓ చిన్న ముక్క అందించొచ్చు. ఆ చెట్టు నాటింది ఆయనే కదా!